మూడు నూళ్ళ సందు

తెర మీద ఇల్లు ఇట్టే లేచి నిలబడుతుంది.
నాలుగు గోడలకు నాలుగు నొక్కులు.
కప్పు వేయమంటే వేసేస్తుంది.
వాసం మోసినవాడు లేడు,
మేకులు నోట కరచుకున్నవాడు లేడు.

మహోన్ బే రేవు వైపు కిటికీ ఉన్న ఈ గదిలో
మూడు రోజులుగా నేను
థెల్మా హిల్ట్జ్ ఇంటి చూరు పట్టుకుని వేలాడుతున్నాను.

నవంబరు గాలివాన ఆ ఇంటి పడమటి చూరు సొగసంతా ఊడబీకి
పక్కవాళ్ళ పడవలో పడేసింది.
పట్టణ సంఘం షరతు ఒకటే:
ఎలా ఉండేదో అలాగే ఉండాలి, ముందు నమూనా చూపాలి.

అలాగే అంటే,
చూరు పలక, దాని నెత్తిన వంపు బద్దె,
అడుగున సన్నగా నీడ పలక,
ముక్కోణపు గోడ అంచున కొప్పు దాకా ఎక్కే వాలు పలక,
దాని మీదా అదే బద్దె.
వాలు పన్నెండుకు తొమ్మిది.
అన్నీ కొలిచాను, అన్నీ ఎక్కించాను.

మూల దగ్గర,
అడ్డంగా వచ్చిన బద్దె, ఏటవాలుగా దిగిన బద్దె,
ఒకే అచ్చులోంచి వచ్చినవి,
ఒకదాన్నొకటి ఎరగనట్టు నిలబడ్డాయి.
మధ్యన మూడు నూళ్ళ సందు.
దూరం నుంచి తెలియదు.
బొమ్మను పెద్దది చేస్తే అందులోంచి ఆకాశం కనబడుతుంది.
ఆకాశం కూడా కాదు,
సాఫ్ట్‌వేర్ ఏమీ గీయని చోట ఉండే బూడిద రంగు.

తెల్ల ముక్క ఒకటి అతికించి కప్పేయొచ్చు.
కప్పేశాను కూడా.
రాత్రి పదిన్నరకు మళ్ళీ లేచొచ్చి తీసేశాను.

ఎర్విన్ వెంట్జెల్‌ను పిలిచాను.
డెబ్బై తొమ్మిదేళ్ళ వడ్రంగి. మౌసు ముట్టుకోడు.
తెరకు ముక్కు ఆనించి చూసి
"ఇదెవరు గీశారు?" అన్నాడు.
"నేనే."
"గీయలేదు, అతికించావు.
నేల మీద నడిచే కాలూ, మెట్లెక్కే కాలూ
ఒకే అడుగు వేస్తాయా కొరీన్?
ఎక్కే బద్దెకు ఒళ్ళు కాస్త వెడల్పుండాలి."

ఓట్స్ డబ్బా చింపి అట్ట పరిచాడు.
పాత బద్దె ముక్కకు మూలకోత కోసి, ఆనించి,
ఒక్కో వంపు నుంచీ ఒక్కో వాలు గీత లాగాడు.
గీతల మీద చుక్కలు, చుక్కలు కలుపుతూ
కొత్త వంపు ఒకటి,
అదే మొహం, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు.
"ఇప్పుడు పెట్టు."

పెట్టాను.
పడమటి మూల మూసుకుంది,
చెప్పాల్సింది చెప్పేసిన నోరులా.

తూర్పు మూల మాత్రం వినలేదు.

ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కాను.
తూర్పు వాలు తొమ్మిది కాదు, తొమ్మిది మీద ఒక నూలు.
నూట ముప్పై ఏళ్ళుగా ఆ ఇల్లు
సముద్రం వైపు ఒక చెవి వంచి వింటోంది.
మూలలో, పొరలు పొరలుగా పేరుకున్న రంగు కింద
వేలికి చల్లగా ఏదో తగిలింది.
గోరుతో గీకితే
పొగాకు డబ్బా మూత!
మడతలు పెట్టి, సందులో దూర్చి,
సుత్తితో ఒక్కటి వేసి, పైన రంగు పూసి,
భోజనానికి దిగిపోయాడు ఎవడో.

నవ్వొచ్చింది.
నిచ్చెన మీద నవ్వకూడదు.

ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు కదా.
సాఫ్ట్‌వేర్ సామగ్రిలో దేవదారు ఉంది,
పైన్ ఉంది, అల్యూమినియం ఉంది.
మూత లేదు.
కొత్త వస్తువుగా చేర్చాను,
మడతలతో కలిపి మందం మూడు నూళ్ళు, సంఖ్య ఒకటి,
రంగు అన్నచోట: కనబడదు.

జాబితా అచ్చు తీసి ఎర్విన్ చేతికిచ్చాను.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చివరి వరుస రెండుసార్లు చదివాడు.
"పొగ మానేసి ఇరవై ఏళ్ళయింది," అన్నాడు.
"మూత నువ్వే వెతుక్కో."